అమ్మానాన్నల కోసం ఎయిర్‌పోర్టుకి డ్రైవరుతో కారు ముందే బుక్ చేయాలి, ఏమేం అడగాలి?

వెన్నెల
అందరికీ నమస్కారం. వచ్చే నెల 14 రాత్రి మా అమ్మ, నాన్న మొదటిసారి నా దగ్గరికి వస్తున్నారు. విమానం అర్ధరాత్రి దాటాక 12:25కి దిగుతుంది. ఆ రాత్రి నాకు డ్యూటీ. మార్చుకోవడానికి ఎంత ప్రయత్నించినా కుదరలేదు. అందుకని డ్రైవరుతో సహా ప్రైవేటు కారు ముందే బుక్ చేద్దామనుకుంటున్నాను. తిరిగి వెళ్లేటప్పుడు విమానం ఉదయం 6:10కి. ఆ రోజు నేనూ వెంట వెళ్తాను.

నాన్నకి మోకాళ్ల నొప్పులు, ఎయిర్‌లైన్స్‌కి వీల్‌చైర్ కావాలని చెప్పాం. ఇద్దరికీ ఇక్కడి భాష రాదు. దిగగానే ఫోన్ పనిచేస్తుందో లేదో చెప్పలేం. కంపెనీల పేజీలు చూస్తే అందరిదీ ఒకటే మాట. బోర్డు పట్టుకుని లోపల నిలబడతాం, వెయిటింగ్ ఫ్రీ, ధర ముందే ఖాయం. ఇందులో నిజంగా అడిగి తేల్చుకోవాల్సినవి ఏవి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి ప్లీజ్. ఎప్పుడు చూసినా ఇదే టెన్షన్.

కిటికీసీటు
ఇంత ఆలోచన అక్కర్లేదండీ. మామూలు ట్యాక్సీ యాప్ చాలు. మీరు డ్యూటీలో ఉన్నా మీ ఫోన్ నుంచే వాళ్ల కోసం బుక్ చేయొచ్చు, బండి ఎక్కడుందో మీకు కనిపిస్తూనే ఉంటుంది. ముందే బుక్ చేస్తే ధర ఎక్కువ, పైగా విమానం లేటైతే గొడవ. నేను ఎక్కడికి వెళ్లినా యాపే వాడతాను, ఎప్పుడూ ఇబ్బంది రాలేదు.

మెల్లగానడుద్దాం
కిటికీసీటు గారూ, మీరు ఒక్కరే వెళ్తారు, చేతిలో పనిచేసే ఫోన్ ఉంటుంది. వీళ్ల పరిస్థితి అది కాదు. యాప్ బండ్లు ఆగే చోటు చాలా ఎయిర్‌పోర్టుల్లో తలుపుకి ఎదురుగా ఉండదు. లిఫ్టు ఎక్కి పార్కింగ్ భవనంలో ఫలానా అంతస్తుకో, బయట ఫలానా నంబరు స్తంభం దగ్గరికో వెళ్లాలి. డ్రైవరు కొన్ని నిమిషాలు చూసి ఫోన్ చేస్తాడు. ఎత్తకపోతే రద్దు చేసుకుని వెళ్లిపోతాడు. భాష రాని పెద్దవాళ్లని, అదీ మోకాళ్ల నొప్పులతో, అర్ధరాత్రి స్తంభాలు వెతుక్కోమనడానికి నాకైతే మనసొప్పదు.

వెన్నెల గారూ, మీరు అనుకున్నదే చేయండి. ఖర్చు ఎక్కువే. మీరు ఇచ్చే ఆ ఎక్కువ డబ్బు కారు సీటు మెత్తగా ఉన్నందుకు కాదు, బయటికొచ్చే తలుపు దగ్గర వాళ్ల కోసం ఒక మనిషి నిలబడి ఉన్నందుకు.

కిటికీసీటు
ఫోన్ లేకపోతే యాప్ కష్టమే, నిజం. కానీ ముందే బుక్ చేసిన కారు మాత్రం వస్తుందని గ్యారంటీ ఏముంది? డబ్బు కట్టేశాక డ్రైవరు రాకపోతే అర్ధరాత్రి ఎవరిని పట్టుకోవాలి?

స్టీరింగ్
నేను ఈ పనిలోనే ఉన్నాను. ఎయిర్‌పోర్టు పికప్‌లు, డ్రాప్‌లు, ఎక్కువగా రాత్రిపూట. కొంచెం వివరంగా రాస్తాను, ఓపికగా చదవండి.

వెన్నెల అమ్మా, మొదట ఒకటి గుర్తుపెట్టుకోండి. పికప్ వేరు, డ్రాప్ వేరు. బుకింగ్ పేజీలో "రిటర్న్" అని ఒక టిక్ పెట్టి రెండూ ఒకే పని అన్నట్టు చూపిస్తారు. పికప్‌లో మీవాళ్లు ఎప్పుడు బయటికొస్తారో ఎవరి చేతిలోనూ ఉండదు, డ్రైవరు కాచుకోవాలి. డ్రాప్‌లో డ్రైవరు వచ్చేసి ఉంటాడు, గడియారం మీవాళ్లని తరుముతుంది. కాబట్టి రెండింటికీ అడగాల్సిన ప్రశ్నలు వేరు.

పికప్‌కి అన్నిటికంటే పెద్ద ప్రశ్న ఇది: వెయిటింగ్ ఫ్రీ అంటున్నారు, ఆ టైము ఎప్పటినుంచి లెక్క? చాలా కంపెనీలు ఎయిర్‌పోర్టుకి 60 నిమిషాలు, ఇంటి దగ్గరైతే 15 నిమిషాలు ఇస్తాయి. కొన్ని 30, 45 తోనే సరిపెడతాయి. అయితే అంకె కంటే ముఖ్యం, గడియారం ఎక్కడ మొదలవుతుందన్నది. కొందరు విమానం నిజంగా నేలకి తాకిన క్షణం నుంచి లెక్కేస్తారు. కొందరు టికెట్ మీద ఉన్న టైము నుంచి. ఇంకొందరు మీరు ఫారంలో నింపిన పికప్ టైము నుంచి. విమానం గంటన్నర లేటైతే రెండో రకం వాళ్ల దగ్గర మీ ఫ్రీ టైము విమానం గాల్లో ఉండగానే అయిపోతుంది.

ఇంకో సంగతి. చక్రాలు నేలకి తాకడం వేరు, తలుపు తెరవడం వేరు. పెద్ద ఎయిర్‌పోర్టుల్లో రన్‌వే నుంచి గేటు దాకా రావడానికే పది, పదిహేను నిమిషాలు పడుతుంది. తర్వాత ఇమిగ్రేషన్ క్యూ, సామాను బెల్టు, కస్టమ్స్. అంతర్జాతీయ ప్రయాణానికి 60 నిమిషాలు ఎక్కువేమీ కాదు.

మూడుపెట్టెలు
స్టీరింగ్ అన్న చెప్పింది అక్షరాలా నాకు జరిగింది. పేరు చెప్పను, వెబ్‌సైటు మాత్రం చాలా అందంగా ఉంటుంది. విమానం బాగా లేటైంది, నేను బయటికొచ్చేసరికి డ్రైవరు ఉన్నాడు, మర్యాదగా మాట్లాడాడు, ఇంటి దగ్గర దింపాడు. రెండు రోజుల తర్వాత కార్డు మీద అదనంగా వెయిటింగ్ చార్జీ పడింది. అడిగితే "మీ విమానం రావాల్సిన టైము నుంచి లెక్కించాం, షరతుల్లో ఉంది" అన్నారు. విమానాన్ని మేం ట్రాక్ చేస్తాం అని మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో రాసుకున్న వాళ్లే! ట్రాక్ చేయడం అంటే లేటని తెలుసుకోవడం వరకే అట, ఆ లేటుకి డబ్బు తీసుకోకపోవడం కాదట. అందుకే చెప్తున్నాను, ఈ ఒక్క విషయం ఈమెయిల్‌లో రాయించుకోండి. ఫోన్‌లో ఒప్పుకున్నది తర్వాత ఎవరికీ గుర్తుండదు.

రన్‌వే
ట్రాకింగ్ గురించి కొంచెం. ఇప్పుడు విమానాలు ఏడీఎస్-బి అనే పద్ధతిలో తామెక్కడున్నాయో, ఎంత ఎత్తులో, ఎంత వేగంతో వెళ్తున్నాయో క్షణక్షణం రేడియోలో చెబుతూ ఉంటాయి. నేల మీద చిన్న రిసీవర్లు దాన్ని పట్టుకుంటాయి. 2006లో స్వీడన్‌లో మొదలైన ఫ్లైట్‌రాడార్24 లాంటి వెబ్‌సైట్లు ఆ సమాచారాన్ని మ్యాప్ మీద చూపిస్తాయి. కార్ల కంపెనీలు చూసేది కూడా ఇలాంటి సమాచారమే. కాబట్టి వెన్నెల గారూ, మీరు డ్యూటీలో ఉండి కూడా చూడొచ్చు, దాపరికం ఏమీ లేదు.

ఇదంతా పనిచేయాలంటే వాళ్లకి సరైన ఫ్లైట్ నంబరు ఇవ్వాలి. టికెట్ ఒక ఎయిర్‌లైన్స్ పేరుతో ఉండి, విమానం వేరొకరిది కావడం చాలా మామూలు. కోడ్‌షేర్ అంటారు. టికెట్ మీద "ఆపరేటెడ్ బై" అని చిన్నగా రాసి ఉంటుంది చూడండి, నడిపేవాళ్ల నంబరు అక్కడ దొరుకుతుంది. వీలైతే రెండూ ఇవ్వండి. మధ్యలో విమానం మారేలా ఉంటే చివరి విమానం నంబరు ఇవ్వాలి, మొదటిది కాదు.

ఇంకొకటి, విమానాలు ముందుగా కూడా దిగుతాయి. పడమటి నుంచి తూర్పుకి వెళ్లే దూరప్రయాణాల్లో జెట్‌స్ట్రీమ్, అంటే చాలా ఎత్తులో వీచే బలమైన గాలి, అనుకూలిస్తే అరగంట ముందే వచ్చేయడం వింతేమీ కాదు. ముందే దిగితే డ్రైవరు ముందే వస్తాడా అని కూడా అడగండి. లేటు గురించి అందరూ అడుగుతారు, దీని గురించి ఎవరూ అడగరు.

లెక్కతేలాలి
వెన్నెల గారూ, అర్ధరాత్రి 12:25 అన్నారు. తేదీ చూసుకున్నారా? 14వ తేదీ రాత్రి పడుకోకుండా ఎదురుచూసే విమానం కాగితం మీద 15వ తేదీది. బయల్దేరిన తేదీ ఒకటి, దిగే తేదీ ఒకటి, టికెట్ మీద టైము పక్కన చిన్నగా "+1" అని ఉంటుంది. బుకింగ్ ఫారంలో 14 అని పెడితే డ్రైవరు సరిగ్గా 24 గంటల ముందు వచ్చి చూసి వెళ్లిపోతాడు, డబ్బులూ పోతాయి. టైము 24 గంటల పద్ధతిలో 00:25 అని రాయండి. 12:25 అని రాస్తే కొన్ని ఫారాలు మిట్టమధ్యాహ్నం అనుకుంటాయి.

స్టీరింగ్
ఇది బంగారం లాంటి మాట. రాత్రి పికప్‌లలో తేదీ తేడా మాకు తరచూ తగిలేదే. ఈమెయిల్‌లో "14 రాత్రి గడిచి 15 మొదలయ్యాక, 00:25" అని మాటల్లో కూడా రాసేయండి, చదివేవాడికి అనుమానం రాదు.

ఊరూరా
తేదీతో పాటు ఏ ఎయిర్‌పోర్టో కూడా చూసుకోవాలి. నవ్వకండి, ఇది పెద్దపెద్దవాళ్లకే జరుగుతుంది. లండన్ అంటే హీత్రో కావచ్చు, గాట్విక్ కావచ్చు, ఇంకా స్టాన్‌స్టెడ్, లూటన్ ఉన్నాయి. టోక్యోకి హనేడా ఊళ్లోనే ఉన్నట్టు లెక్క, నరిటా ఊరి నడిబొడ్డు నుంచి 60 కిలోమీటర్ల పైమాట. పారిస్ పేరు పెట్టుకున్న బోవే ఎయిర్‌పోర్టు పారిస్‌కి 80 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఫ్రాంక్‌ఫర్ట్ హాన్ అయితే ఫ్రాంక్‌ఫర్ట్‌కి 120 కిలోమీటర్లు! ఊరి పేరు చూసి బుక్ చేయకూడదు, టికెట్ మీద ఉన్న మూడక్షరాల కోడ్ చూసి చేయాలి. ఆ తర్వాత టెర్మినల్. అది చివరి రోజున కూడా మారొచ్చు కాబట్టి ఫ్లైట్ నంబరు ఉంటే డ్రైవరే చూసుకుంటాడు.

బుజ్జిగాడి_అమ్మ
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి, నాదీ ఇలాంటి ప్రశ్నే. మేం నలుగురం, అందులో పది నెలల బాబు. పెద్ద సూట్‌కేసులు నాలుగు, స్ట్రోలర్ ఒకటి. "నలుగురికి సరిపోతుంది" అని ఉన్న కారు తీసుకోవచ్చా? బాబుకి సీటు వాళ్లే ఇస్తారా?

మూడుపెట్టెలు
నలుగురికి అంటే మనుషులు నలుగురు, సామాను లెక్క వేరు. మామూలు సెడాన్ డిక్కీలో పెద్ద సూట్‌కేసులు రెండు పడతాయి, ఇంకా చిన్న సంచి ఏదైనా. చాలా ఎయిర్‌లైన్స్ చెకిన్ పెట్టెకి పొడవు, వెడల్పు, మందం కలిపి 158 సెంటీమీటర్లు, 23 కిలోలు అని పరిమితి పెడతాయి. మీ పెట్టెలు ఆ సైజువైతే నాలుగు ఏ సెడాన్‌లోనూ పట్టవు, వ్యాన్ తీసుకోండి. వ్యాన్‌లో కూడా మూడో వరస సీట్లు వాడితే వెనక జాగా బాగా తగ్గిపోతుంది, ఏడు సీట్ల బండి కదా అని ధీమాగా ఉండకండి. పెట్టెల ఫొటో ఒకటి తీసి పంపండి, బండి ఎంపిక వాళ్ల మీద పెట్టండి. పట్టకపోతే రెండో బండి ఖర్చు వాళ్లదని రాయించుకోండి.

మెల్లగానడుద్దాం
బాబు సీటు గురించి నేను చెప్తాను, ఇందులో నాకు చాలా పట్టింపు ఉంది. కొన్ని దేశాల్లో ట్యాక్సీలకి పిల్లల సీటు నియమం నుంచి మినహాయింపు ఉంటుంది. ఇంగ్లండ్‌లో అలాగే ఉంది, ట్యాక్సీలో సరైన సీటు లేకపోతే చిన్నపిల్లల్ని అది లేకుండానే వెనక సీట్లో తీసుకెళ్లొచ్చు. చట్టం ఒప్పుకుందని ఒళ్లో పెట్టుకుని కూర్చోవద్దు. గుద్దుకున్నప్పుడు చేతులతో బిడ్డని పట్టి ఆపడం ఎవరి వల్లా కాదు.

"చైల్డ్ సీట్ కావాలి" అని ఒక్క మాట రాస్తే నాలుగేళ్ల పిల్లలు కూర్చునే బూస్టర్ తెస్తారు. వయసు, బరువు, ఎత్తు మూడూ రాయండి, "వెనక్కి తిరిగి ఉండే సీటు" అని స్పష్టంగా అడగండి. ఐక్యరాజ్యసమితి ఆర్129 ప్రమాణం, ఐ-సైజ్ అంటారు, కనీసం 15 నెలలు నిండే దాకా పిల్లలు వెనక్కి తిరిగే కూర్చోవాలంటుంది. మీ బాబుకి పది నెలలే. మీ సొంత సీటు ఉంటే విమానంలో వెంట తెచ్చుకోవడం ఇంకా మంచిది, చాలా ఎయిర్‌లైన్స్ దానికి విడిగా డబ్బు తీసుకోవు.

బుజ్జిగాడి_అమ్మ
చాలా థ్యాంక్స్ అక్కా. సొంత సీటే తెస్తాం. వ్యాన్ చూస్తాను.

మెల్లగానడుద్దాం
ఇక వెన్నెల గారి నాన్నగారి వీల్‌చైర్ విషయం. దీని మీద ఎవరూ మాట్లాడలేదు, అసలు చిక్కు ఇక్కడే ఉంది. వీల్‌చైర్ సాయం అడిగినవాళ్లు సాధారణంగా విమానం నుంచి అందరికంటే చివర దిగుతారు. అందరూ దిగిపోయాక సహాయకులు వస్తారు, ఒక్కోసారి వాళ్ల కోసం కూడా ఆగాలి. ఇమిగ్రేషన్‌లో చాలాచోట్ల వేరే లైను ఉంటుంది కాబట్టి అక్కడ కొంత టైము కలిసొస్తుంది, కానీ మొదట పోయిన టైము మొత్తం తిరిగి రాదు. మా అత్తగారు వచ్చినప్పుడు బయట నిలబడి చూస్తున్నాను, అదే విమానంలో వచ్చినవాళ్లంతా ఇళ్లకి వెళ్లిపోయారు, ఆవిడ కనిపించలేదు. గుండె గుభేలుమంది. నిజానికి ఆవిడ లోపల కుర్చీలో హాయిగా కూర్చుని తన వంతు కోసం చూస్తున్నారు.

కాబట్టి 60 నిమిషాలు మీకు చాలవు. ఆ కంపెనీకి వీల్‌చైర్ అని ముందే చెప్పి 90 అడగండి. కొన్నాళ్ల ముందు చెబితే కొందరు ఉచితంగానే ఇస్తారు, కొందరు కొంచెం తీసుకుంటారు.

ఎయిర్‌లైన్స్ దగ్గర కూడా ఏ రకం సాయమో సరిగ్గా నమోదైందో లేదో చూడండి. మెట్లు ఎక్కగలరు, దూరం మాత్రం నడవలేరు అంటే డబ్ల్యూసీహెచ్‌ఆర్. మెట్లు కూడా ఎక్కలేరంటే డబ్ల్యూసీహెచ్‌ఎస్. మోకాళ్ల నొప్పులకి రెండోదే నయం, కొన్నిసార్లు విమానం గేటుకి రాకుండా దూరంగా ఆగి మెట్ల మీదుగా దింపుతారు. యూరప్ నియమాల ప్రకారం ఈ సాయం కనీసం 48 గంటల ముందు అడగాలి. ఎక్కడైనా అదే అలవాటు చేసుకుంటే మంచిది.

వెన్నెల
మీ అందరికీ ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలియట్లేదు. వీల్‌చైర్ వల్ల లేటవుతుందని నాకు తట్టనే లేదు. ఇంకో ప్రశ్న. వీల్‌చైర్ తోసుకొచ్చే మనిషి నాన్నని ఎక్కడిదాకా తెస్తారు? కారు దాకానా, తలుపు దాకానా? ఎవరైనా వచ్చి నేనే మీ డ్రైవర్ని అంటే అమ్మ నమ్మేస్తుంది, అదొక భయం.

స్టీరింగ్
ఎయిర్‌పోర్టుని బట్టి ఉంటుందమ్మా. చాలాచోట్ల బయటికొచ్చే హాలు దాకా ఖాయంగా తెస్తారు. కారు ఆగే చోటు దగ్గరైతే అక్కడిదాకా కూడా వస్తారు. కుర్చీ మాత్రం ఎయిర్‌పోర్టుది, అక్కడే ఉండిపోతుంది. అందుకే "డ్రైవరు లోపల బోర్డుతో ఉండాలి" అని తీసుకోండి. బయట రోడ్డు అంచున ఎక్కించుకునే రకం కొంచెం చవకే, మీకు పనికిరాదు. అక్కడ మమ్మల్ని రెండు నిమిషాలు కూడా ఆగనివ్వరు. మీవాళ్లు ఫోన్ చేస్తే గానీ దూరంగా ఉన్న పార్కింగ్ నుంచి మేం కదలం. ఫోన్ చేయలేని వాళ్లకి అది కుదరదు.

బోర్డు మీద పాస్‌పోర్టులో ఉన్న పొడుగు పేరంతా రాయించకండి. ఇంటిపేరుతో కలిపి ఒక వరసలో పట్టదు, అక్షరాలు చిన్నవైపోతాయి, అమ్మగారికి దూరం నుంచి కనపడవు. ఒక చిన్న పేరు, పెద్ద అక్షరాలు. తెలుగులో రాసిన కాగితం మీరు ఈమెయిల్‌లో పంపితే మేం ప్రింటు తీసుకుని పట్టుకుంటాం. నేనైతే సంతోషంగా పట్టుకుంటాను, చాలామంది కాదనరు.

కనిపెట్టు
తెలుగు బోర్డు ఆలోచన చాలా బావుంది. భద్రతకి కూడా మంచిదే, ఎందుకంటే హాల్లో తిరిగే టౌట్లు, అంటే ప్రయాణికుల్ని పట్టుకుని తమ బండి ఎక్కించాలని చూసేవాళ్లు, బోర్డుల మీద పేర్లు చదివి, ఆ పేరుతోనే పలకరిస్తారు. అమ్మగారికి ఒకటే నేర్పండి: ఎవరైనా దగ్గరికొస్తే తన పేరు తను చెప్పకూడదు. మీరు ముందే అనుకున్న ఒక గుర్తు మాట ఉండాలి, అది డ్రైవరు నోటి నుంచి రావాలి. చెప్పలేకపోతే కదలొద్దు, కుర్చీ తోసే మనిషిని కూడా కదలొద్దని చేత్తో సైగ చేస్తే చాలు. బండి నంబరు కాగితం మీద రాసి ఇవ్వండి, ఎక్కే ముందు ప్లేటుతో పోల్చుకుంటారు.

ఇంకో సంగతి తెలిస్తే మంచిది. చాలా ఊళ్లలో ప్రైవేటు కార్లు ముందస్తు బుకింగ్ మీదే నడవాలి, హాల్లో నిలబడి మనుషుల్ని పిలవకూడదు. లండన్‌లో దానికి 1998 నుంచి విడిగా చట్టమే ఉంది. కారుకీ, డ్రైవరుకీ, బుకింగ్ తీసుకునే సంస్థకీ మూడు లైసెన్సులు ఉండాలి. బుకింగ్ లేకుండా ఎక్కితే ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్స్ వర్తించకపోవచ్చు. కాబట్టి మీరు డబ్బు కట్టే కంపెనీకి ఆ ఊరి లైసెన్సు ఉందో లేదో నంబరు అడిగి, లైసెన్సులిచ్చే ఆఫీసు వెబ్‌సైటులో చూసుకోండి. ఐదు నిమిషాల పని.

కిటికీసీటు
నేను కూడా ఇవన్నీ రాసుకుంటున్నాను. మా అమ్మ వచ్చినప్పుడు ముందే బుక్ చేస్తాను. ఎయిర్‌పోర్టులో వైఫై ఉంటుంది కదా, ఫోన్ సమస్య దానితో తీరదా?

రన్‌వే
తీరితే బావుండేది. చాలా ఎయిర్‌పోర్టుల్లో వైఫైకి కోడ్ ఎస్సెమ్మెస్‌లో వస్తుంది. రోమింగ్ లేని సిమ్‌కి ఆ ఎస్సెమ్మెస్ రాదు. అందుకే బుకింగ్ రసీదు, డ్రైవరు నంబరు, మీ నంబరు, ఇంటి చిరునామా కాగితం మీద ఉండాలి, స్థానిక భాషలోనూ తెలుగులోనూ. రెండు కాపీలు, అమ్మ దగ్గర ఒకటి, నాన్న దగ్గర ఒకటి.

లెక్కతేలాలి
ఇక తిరుగు ప్రయాణం లెక్క. విమానం 6:10కి అని వెనక్కి లెక్కపెట్టకండి, చెకిన్ కౌంటర్ మూసే టైము నుంచి లెక్కపెట్టండి. అంతర్జాతీయ విమానాలకి చాలా ఎయిర్‌లైన్స్ బయల్దేరడానికి 60 నిమిషాల ముందు కౌంటర్ మూసేస్తాయి. అంటే 5:10. మూడు గంటల ముందు రమ్మంటారు కాబట్టి 3:10కి అక్కడుండాలి. రాత్రిపూట మీ ఇంటి నుంచి ఎంతసేపు? 50 నిమిషాలు అనుకుంటే 2:20కి బండి కదలాలి. పెద్దవాళ్లు, సామాను, లిఫ్టు, చివరి నిమిషంలో మందుల సంచి... అందుకని కారుని 2:10కి రమ్మనండి. ఇంటి దగ్గర ఫ్రీ వెయిటింగ్ 15 నిమిషాలే అన్న సంగతి మర్చిపోవద్దు. సామాను రాత్రే తలుపు దగ్గర పెట్టుకోండి.

గడియారాలు మార్చే దేశమైతే ఆ వారాంతం కాదు కదా అని చూడండి. అమెరికాలో మార్చి రెండో ఆదివారం తెల్లవారుజామున 2 కాగానే గడియారం 3కి వెళ్లిపోతుంది. ఆ రాత్రి 2:10 అన్న టైమే ఉండదు!

ఊరూరా
ధర గురించి కూడా అడగండి. "అన్నీ కలిపి" అంటే టోల్, పార్కింగ్, రాత్రి చార్జీ, పన్ను కలిసే ఉన్నాయా? దింపడానికి కూడా డబ్బు వసూలు చేసే ఎయిర్‌పోర్టులు ఉన్నాయి, హీత్రోలో 2021 నుంచి తీసుకుంటున్నారు. ఆ డబ్బు ఎవరు కట్టాలో ముందే తేలాలి. రద్దు చేసుకుంటే ఎన్ని గంటల ముందు వరకు డబ్బు తిరిగిస్తారు, విమానమే రద్దయితే ఏమిటి, వేరే ఎయిర్‌పోర్టుకి మళ్లిస్తే ఏమిటి. చివరిదానికి చాలామంది దగ్గర జవాబు ఉండదు, అది వినగానే కంపెనీ ఎలాంటిదో మీకు తెలిసిపోతుంది.

వెన్నెల
మీరు చెప్పినవన్నీ కలిపి రెండు కంపెనీలకి ఇలా ఈమెయిల్ పెడదామనుకుంటున్నాను. చూసి చెప్పండి.

"ప్రయాణికులు ఇద్దరు, వయసు పైబడినవారు. ఒకరికి ఎయిర్‌పోర్టు వీల్‌చైర్ సాయం ఉంది. పెద్ద పెట్టెలు మూడు, ఫొటో జతచేశాను. 14 రాత్రి గడిచి 15వ తేదీ మొదలయ్యాక, 00:25కి విమానం దిగుతుంది. నడిపే ఎయిర్‌లైన్స్ నంబరు, టికెట్ మీది నంబరు రెండూ ఇస్తున్నాను. డ్రైవరు లోపల, జతచేసిన తెలుగు బోర్డుతో నిలబడాలి. ఫ్రీ వెయిటింగ్ విమానం నిజంగా దిగిన సమయం నుంచి 90 నిమిషాలు కావాలి. గుర్తు మాట డ్రైవరే చెప్పాలి. ఈ షరతులు, మొత్తం ధర, రద్దు నియమం ఈమెయిల్‌లో ఖాయం చేయండి."

స్టీరింగ్
చాలా బాగా రాశారు. ఇలాంటి ఈమెయిల్ వస్తే డ్రైవరుకే సగం భారం తగ్గుతుంది. మూడు పెట్టెలు అంటున్నారు కాబట్టి సెడాన్ ఒప్పుకోవద్దు, పెద్ద బండి అని కూడా చేర్చండి. విమానం ముందే దిగితే అప్పటికే ఉండాలి అన్న వాక్యం కూడా.

కిటికీసీటు తమ్ముడు మొదట్లో ఒకటి అడిగాడు, డ్రైవరు రాకపోతే అర్ధరాత్రి ఎవరిని పట్టుకోవాలని. అది సరైన ప్రశ్న, ఎవరూ జవాబు చెప్పలేదు. డ్రైవరు పేరు, బండి నంబరు సాధారణంగా పికప్‌కి కొన్ని గంటల ముందు వస్తాయి. విమానం దిగడానికి రెండు గంటల ముందు కూడా రాకపోతే కంపెనీ రాత్రి నంబరుకి ఫోన్ చేయాలి. "24 గంటలూ అందుబాటులో" అని అందరూ రాస్తారు. డబ్బు కట్టకముందే ఒక అర్ధరాత్రి ఆ నంబరుకి చేసి చూడండి. మనిషి ఎత్తి, మీ మాట అర్థం చేసుకుని జవాబు చెబితేనే బుక్ చేయండి.

వెన్నెల
నైట్ డ్యూటీలోనే ఉన్నాను, ఇప్పుడే చేస్తాను.

వెన్నెల
చేశాను. మొదటి కంపెనీలో రికార్డు చేసిన గొంతు, మెసేజ్ వదలమంది. రెండో దాంట్లో ఒకావిడ ఎత్తారు. వీల్‌చైర్ అనగానే ఆవిడే ఏ టెర్మినల్, మెట్లు ఎక్కగలరా అని అడిగారు. 90 నిమిషాలకి కొంచెం అదనంగా తీసుకున్నారు, ఇచ్చేశాను. దిగిన సమయం నుంచి అని ఈమెయిల్‌లో వచ్చింది. తెలుగు బోర్డుకి ఏమీ అనలేదు, ఫైల్ పంపమన్నారు. వేరే ఎయిర్‌పోర్టుకి మళ్లిస్తే దూరం తేడా కట్టాలి, కారు మాత్రం పంపిస్తామన్నారు.

స్టీరింగ్
మంచి కంపెనీ దొరికిందమ్మా. రసీదులో తిరుగు ప్రయాణం 2:10 పక్కన ఏ తేదీ ఉందో ఒకసారి చూడండి. విమానం తేదీ, కారు తేదీ ఒకటే ఉండాలి.

వెన్నెల
చూశాను అన్నా, ముందు రోజు తేదీ పడింది. ఆవిడకే మళ్లీ ఫోన్ చేసి మార్పించాను, కొత్త రసీదు వచ్చింది.